ఇసుర్రాయి పిల్ల

మొన్న మా మనవరాలు వరండాలో కాళ్లు చాపుకుని ఫోన్లో ఏదో నవల చదువుతూ ముక్కు చీదుకుంది. ఏమైందని అడిగితే, యుద్ధం రోజుల కథట. అందులో ఒకామె తన ప్రాణం పోతుందని తెలిసి కూడా దాక్కున్నవాళ్ల జాడ చెప్పలేదట. "అలాంటివాళ్లు నిజంగా ఉంటారా అవ్వా?" అంది. ఉంటారో లేదో నాకేం తెలుసు? కానీ ఆ మాట చెవిన పడగానే లోపల ఎక్కడో చురుక్కుమంది. కాటికి కాళ్లు చాపుకున్న ఈ వయసులో కూడా నా పాత కుళ్లు పోలేదని అప్పుడు తెలిసింది.

అసూయ నాకు కొత్తేమీ కాదు, దాచుకోను కూడా. చెల్లెలి జడ చూసి ఏడ్చాను, తోడికోడలి వంట అందరూ లొట్టలేసుకుని తింటే ఏడ్చాను. వాటన్నిటికీ కాలం తీరిపోయింది. తీరనిది ఒక్కటే మిగిలింది. అదీ కాగితం మీద తప్ప ఎక్కడా పుట్టని ఒక పిల్ల మీద.

మా అమ్మానాన్నలు జమ్మలమడుగులో ఉండేవాళ్లు. నా వెనకే వరసగా పిల్లలు పుట్టడంతో అమ్మకు చేతులు చాలక, నన్ను చిన్నప్పుడే పులివెందులలో అవ్వ దగ్గర వదిలింది. అవ్వంటే అమ్మ తల్లి. తాత పోయాక మెట్టచేలు, ఎద్దులు, మనుషులు అన్నీ ఆమే చూసుకునేది. అవ్వ నోట మెచ్చుకోలు మాట రావడమంటే మా సీమలో వాన పడినట్టే. కూర ఎంత బాగా కుదిరినా "తినొచ్చులే" అనేది. నేను క్లాసులో మొదట వచ్చానని చెబితే "ఊ" అని ఎద్దులకు కుడితి కలపడానికి పోయేది. నాకు తిండికి, బట్టకు లోటు లేదు. నా ఆశల్లా ఒకటే. నలుగురూ కూర్చున్నచోట అవ్వ నా గురించి ఒక్క మంచిమాట అనాలి. అంతే.

ఎండలు ముదిరి, తొలకరి ఇంకా రాకముందు మా ఇంట్లో విత్తనపు కాయలు ఒలిచేవాళ్లు. వేరుశెనక్కాయలు. మిషన్లో పోస్తే గింజ నలుగుతుంది, మొలవదు అని విత్తనానికి మాత్రం చేత్తోనే ఒలిపించేవాళ్లు. ఇవాళ మా ఇంట్లో అందరూ కూర్చుంటే రేపు ఇంకొకరింట్లో. మధ్యాహ్నం సంగటి తిన్నాక వీధిలోని ఆడవాళ్లంతా చేటలు పట్టుకుని మా ఇంటి ముందరి పడసాలలోకి వచ్చేవాళ్లు. కాయల మీద నీళ్లు చిలకరించి గోనెపట్టా కప్పి ఉంచేవాళ్లం, పొట్టు మెత్తబడాలని. ఆ పట్టా తీయగానే తడిసిన ఎర్రమట్టి వాసన ఇల్లంతా కమ్ముకునేది. వాన పడిందేమోనని ఎవరో ఒకరు ఆశగా బయటికి చూసేవాళ్లు. ఒలిచి ఒలిచి బొటనవేళ్లు వాచేవి. సాయంత్రం అవ్వ అందరి వేళ్లకూ ఆముదం రాసేది.

ఒలిచేటప్పుడు పాటలు పాడాలని అవ్వ రూలు పెట్టింది. పాట మీద ప్రేమతో కాదు. పాడే నోరు నమలదు కాబట్టి. విత్తనపు గింజ ఒక్కటి ఎవరి నోట్లోకి పోయినా అవ్వకు తెలిసిపోయేది. పాట మధ్యలో ఎవరి గొంతైనా ఆగితే చాలు, తల తిప్పి అటు చూసేది. ఆ చూపుకు నోట్లో గింజ గొంతులో అడ్డం పడాల్సిందే.

ఒక ఏడాది ఆ పాటలు ఆగిపోయాయి. మా పక్క గదిలో హైస్కూలు అయ్యవారు ఒకాయన భార్యతో బాడుగకు దిగారు. వాళ్లది కోస్తా వైపు. ఆమెను అందరూ అయ్యవారమ్మ అనేవాళ్లు. మాటకు ముందో అండి, వెనకో అండి. ఆమె "రండి" అంటే మా వాళ్లు నవ్వేవాళ్లు, మా వాళ్లు "రామ్మే" అంటే ఆమె ఉలిక్కిపడేది. ఆ అయ్యవారు ప్రొద్దుటూరు పోయినప్పుడు ఒక పాత నవల తెచ్చాడు. అట్ట లేదు, మొదటి పుటలు లేవు, పేరేమిటో ఎవరికీ తెలియదు. ఏ దేశం కథనో తెలుగులోకి తెచ్చింది. అయ్యవారమ్మకు కాయలు ఒలవడం చేతకాదు, ఊరకే కూర్చోవడం మర్యాద కాదు. అందుకని ఆ పుస్తకం తెచ్చి చదివి వినిపించడం మొదలుపెట్టింది.

కథ మంచు కురిసే ఊళ్లో జరుగుతుంది. పరాయి దేశం సైన్యం వచ్చి ఊరిని పట్టుకుంటుంది. ఏటి ఒడ్డున పిండిమర నడిపే ఒక తాత, ఆయన మనవరాలు. సైన్యం చంపాలని వెతుకుతున్న ముగ్గురున్న ఒక కుటుంబాన్ని ఆ తాత తన మర కింద నేలమాళిగలో దాచిపెడతాడు. తవుడు బొక్కెనలో అడుగున రొట్టెలు పెట్టుకుని, మనవరాలు రోజూ వాళ్లకు తీసుకుపోయి ఇస్తుంది. నా ఈడు పిల్లే.

ఆ పేర్లు మా వాళ్లకు నోరు తిరగలేదు. ఏటి నీళ్లతో రాయి తిరిగి పిండి విసురుతుందని అయ్యవారమ్మ చెబితే అవ్వ నమ్మలేకపోయింది. మాకు తాగడానికే నీళ్లు బండి మీద వచ్చేవి. ఇసుర్రాయి తిప్పేదానికి ఏరు పారేంత నీళ్లున్న ఊరికి కొట్లాట ఎందుకొచ్చిందని అడిగింది. ఆ రోజు నుంచి వాళ్లు ఇసుర్రాయి తాత, ఇసుర్రాయి పిల్ల అయిపోయారు.

నేలమాళిగ దగ్గర పెద్ద రభసే జరిగింది. భూమి లోపలి గది అనగానే మా వాళ్లందరి కళ్లకూ జొన్నల పాతర కనబడింది. జొన్నలు నింపి, మూత వేసి, పైన మట్టి కప్పే గుంత అది. దాని మూత తీసి వెంటనే దిగితే లోపలి చెడ్డగాలికి మనిషి చచ్చిపోతాడు. మా వీధిలోనే అలా పోయినవాళ్లు ఉన్నారు. అయ్యవారమ్మ "వాళ్లు లోపలికి దిగి తలుపు మూసుకున్నారు" అని చదవగానే అవ్వ చేట కింద పెట్టేసింది.

"సచ్చిపోతారు," అంది. "ముందు దీపం దించి సూడాల. దీపం ఆరకుంటేనే మనిషి దిగాల. ఆ ముసలోనికి అంత మాత్రం తెలీదా?"

అది పాతర కాదనీ, మెట్లుంటాయనీ, గోడకు కిటికీ ఉంటుందనీ అయ్యవారమ్మ ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. మా ఎదురింటి దూదేకుల పిన్నమ్మ అయితే కళ్లు తుడుచుకుంది. చివరికి అయ్యవారమ్మే దారికొచ్చింది. ఆ పిల్ల రొట్టెలు తీసుకుపోయిన ప్రతిసారీ "మూత తీసి, కాసేపు గాలి వదిలి, దీపం దించి చూసింది" అని తనే కలిపి చదివేది. పుస్తకంలో ఆ ముక్క లేదని నాకు తెలుసు, ఆమె భుజం మీదుగా చూసేదాన్ని. వినేవాళ్లు మాత్రం హమ్మయ్య అనుకుని మళ్లీ కాయలు అందుకునేవాళ్లు. ఒక్క గింజా ఎవరి నోట్లోకీ పోయేది కాదు. తినాలన్న సంగతే మరిచిపోయారు.

నా మంట అక్కడ మొదలైంది. ఒకరోజు ఆ పిల్లను దారిలో సోల్జర్లు ఆపి, బొక్కెనలో ఏముందని అడుగుతారు. తవుడు అని చెబుతుంది. బొక్కెనలో కత్తితో పొడుస్తారు. పిల్ల కన్ను ఆర్పదు. అవ్వ ఒలవడం ఆపేసి, ముందుకు వంగి వింటోంది. వాళ్లు వదిలేశారని చదవగానే అవ్వ గట్టిగా ఊపిరి వదిలి, "పిల్లంటే అట్లుండాల," అంది.

నేను పుట్టాక అవ్వ నోట అలాంటి మాట వినలేదు. పైగా ఆ మాట అంటూ నా వైపు చూసింది. నాకు ఒళ్లు మండిపోయింది. క్లాసులో మొదట వస్తే ఊ. మంచులో తవుడు మోస్తే పిల్లంటే అట్లుండాల. నేను ఊరుకోకుండా, "దానికి ఇంట్లో పని ఉండదా, పొద్దస్తమానం బొక్కెన పట్టుకుని తిరుగుతాంటాది," అన్నాను. ఎవరూ నవ్వలేదు. దాని జుట్టు బంగారు రంగులో ఉంటుందని చదివితే, అది పేలు పట్టిన జుట్టు అన్నాను. పిన్నమ్మ గమ్మునుండమంది.

సరే, ధైర్యమే కావాలంటే నాకు లేదా అనుకున్నాను. ఆ వారంలోనే అవకాశం దొరికింది. మిద్దె మీద ఆరబెట్టిన వడియాలను పిన్నమ్మ కూతురు సగం తినేసింది. నా జతగత్తె అది. పచ్చి వడియాలు ఎండకు పైన కాస్త గట్టిపడి లోపల మెత్తగా, ఉప్పగా ఉంటాయి. ఆ రుచి తెలిసినవాళ్లెవరూ దాన్ని తప్పు పట్టరు. అవ్వ నన్ను పిలిచి, ఎవరు తిన్నారని అడిగింది. నేను గోడకు ఆనుకుని, గడ్డం పైకెత్తి, కన్ను ఆర్పకుండా నిలబడ్డాను. అవ్వ మళ్లీ అడిగింది. నేను దూరంగా ఉన్న కొండల వైపు చూశాను. ఇసుర్రాయి పిల్ల అలాగే చూసిందని పుస్తకంలో ఉంది.

చీపురు విరిగింది. "అడిగితే నోరు తెరిసి చెప్పాల. మూగదానివా?" అని అవ్వ వీపు మీద వాయించింది. నేను చెప్పలేదు. జతగత్తెను పట్టివ్వలేదు. ఒక్కరైనా పిల్లంటే అట్లుండాల అనలేదు. ఆ మధ్యాహ్నమే అవ్వ వచ్చి కూర్చుని, ఇసుర్రాయి పిల్ల ఏమైందో బిన్నా చదవమని అయ్యవారమ్మను తొందర పెట్టింది. వీపు మంట కంటే ఆ మంట ఎక్కువగా ఉంది నాకు.

తరువాత కొన్నాళ్లకు అయ్యవారమ్మ కాన్పుకు పుట్టింటికి బయలుదేరింది. కథ ఇంకా అయిపోలేదు. అవ్వ బస్సు దగ్గరికి వెళ్లి మరీ, బుక్కు మాత్రం ఇచ్చిపొమ్మని అడిగింది. ఎవరినీ ఏదీ అడగని మనిషి. ఆమె నవ్వి పుస్తకం నా చేతిలో పెట్టింది. చదవడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి ఆమె కూర్చుని చదివే పీట నాదైంది.

నాకు కావాల్సింది అదే. మొదటి రోజు గొంతు సవరించుకుని, అయ్యవారమ్మ కంటే బాగా చదవాలని ఆమె సాగదీసే చోటల్లా ఇంకాస్త సాగదీశాను. అవ్వ నా ముఖంలోకే చూస్తోంది. నా ఆనందం చెప్పలేను. కాసేపటికి గాని తెలియలేదు, ఆమె చూస్తున్నది నన్ను కాదని. నా వెనక ఎక్కడో, ఆ మంచులో నడిచిపోతున్న పిల్లను చూస్తోంది. నేను వట్టి కిటికీని.

మరునాడు కథ అసలు చోటికి వచ్చింది. సోల్జర్లు ఆ పిల్లను పట్టుకుని ఏటి వంతెన మీద నిలబెడతారు. వాళ్లు ఎక్కడున్నారో చెప్పు, చెబితే వదిలేస్తాం అంటాడు వాళ్ల పెద్ద. తరువాతి పుట నేను ముందే చూసుకున్నాను. ఆ పిల్ల చెప్పదు. ఆ చెప్పకపోవడం రెండు పుటల నిండా ఉంది. అంతా చదివితే అవ్వ ముఖం ఎలా మారుతుందో నాకు తెలుసు. అది నేను చూడలేను. పుట తిప్పి, లేని మాట చదివాను.

"ఆ పిల్ల భయపడి, పిండిమర వైపు వేలు చూపించింది. వాళ్లు మర కింద ఉన్నారు అని చెప్పేసింది."

చేటల చప్పుడు ఆగిపోయింది. ఇప్పుడు తిట్టిపోస్తారు దాన్ని, ఛీ అంటారు, దీన్నా మనం మెచ్చుకున్నది అంటారు అని నేను పుస్తకం వెనక నుంచి చూస్తున్నాను. అవ్వ అరచేతిలో ఉన్న గింజలు మెల్లగా చేటలోకి జార్చింది.

"పోన్లే," అంది. "పిల్ల బతికింది."

"పసిబిడ్డ, ఏం జేస్తాది పెద్దమ్మా," అంది పిన్నమ్మ. మిగతావాళ్లు కూడా పాపం, పాపం అన్నారు. ఒకామె కొంగుతో కళ్లొత్తుకుంది.

నాకు పిచ్చి కోపం వచ్చింది. అది నోరు మూసుకుంటే మెచ్చుకున్నారు. నోరు తెరిచి ముగ్గురు మనుషుల్ని పట్టిచ్చినా జాలి పడుతున్నారు. నేను వడియాల కోసం నోరు మూసుకుంటే చీపురు విరిగింది. ఇదెక్కడి న్యాయం? నాకే తెలియకుండా అరిచేశాను.

"అది చెప్పల్యా. నేనే అబద్ధం చదివినా. అది చెప్పల్యా, దాన్ని ఆ వంతెన మీదనే కాల్చేసినారు."

తరువాత ఉన్నది ఉన్నట్టు చదివాను. సాగదీయలేదు. ఆ పెద్ద అడిగినకొద్దీ పిల్ల ఏటి వైపు చూస్తూ నిలబడింది. కింద మర తిరుగుతూనే ఉంది. దాక్కున్నవాళ్లు ఆ రాత్రే కొండ దాటి బతికిపోయారు. చదివి పుస్తకం మూశాను. అబద్ధం చదివావేమని నన్ను ఎవరూ అడగలేదు. నేను అక్కడ ఉన్న సంగతే ఎవరికీ పట్టలేదు. అవ్వ లేచింది. ఒళ్లోని పొట్టు దులుపుకుని, ఒలవాల్సిన కాయల కుప్ప అలాగే వదిలేసి, ఎద్దుల కొట్టంలోకి పోయింది. కాసేపటికి నేను వెళ్లి తొంగిచూశాను. ఎద్దులు మేత తినే గాడికి ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. మా తాత పోయినప్పుడు కూడా ఆమె ఏడవడం నేను చూడలేదు.

ఆ సాయంత్రం పొయ్యిలో పొట్టు మండుతున్న వాసన, రొట్టెల వాసన కలిసి వస్తున్నాయి. అవ్వ నన్ను పిలిచి, ఎప్పటిలాగే బొటనవేళ్లకు ఆముదం రాయడం మొదలుపెట్టింది. నేను చేయి లాక్కున్నాను. మళ్లీ పట్టుకుంది. అప్పుడు అడిగేశాను. నేనూ నోరు తెరవకుండా చచ్చిపోతే నా గురించి కూడా అట్లనే ఏడుస్తావా, పిల్లంటే అట్లుండాల అంటావా అని. ఏడుస్తూనే అడిగాను. అవ్వ నా వేలు వదల్లేదు.

"ఆ తాత శానా గొప్పోడు. పిల్ల ఆయన కంటే గొప్పది," అంది. "నేను అట్లాంటిదాన్ని కాదు మే. నిన్ను ఆ వంతెన మీద నిలబెడితే, నువ్వు నోరు తెరవకున్నా నేనే ఉరుక్కుంటా పోయి ఏలు పెట్టి చూపిస్తా. ఈడుండారు, తోలుకపోండి, నా బిడ్డను ఇడిసిపెట్టండి అంటా."

"పాపం కదా అవ్వా?"

"పాపమే. అది నాకు తగలనీ. నువ్వుండాల."

అంతే అంది. రెండో చేయి ఇవ్వమని, ఆ బొటనవేలికి కూడా రాసింది. ఆ మాటకు నేను పొంగిపోయి ఉండాలి. ఎవరి కోసమూ తల వంచని మనిషి, నా కోసం ముగ్గుర్ని చావుకు అప్పజెబుతానని చెప్పింది. అంతకంటే ఎవరికి ఎవరు ఏం చెప్పగలరు? కానీ నాకు ఆ రోజు ఆకలి వేయలేదు. అన్నం ముందు కూర్చుని, అవ్వ గొప్పది అన్నది ఎవరిని అని ఆలోచించుకుంటూ కూర్చున్నాను.

ఆ తరువాత వానలు వచ్చాయి, విత్తనం పడింది. అయ్యవారికి వేరే ఊరికి ట్రాన్స్‌ఫర్ కావడంతో వాళ్లు మళ్లీ రాలేదు. కొన్నేళ్లకు విత్తనం కూడా మిషన్లో ఆడించడం మొదలైంది. ఆ పడసాలలో అంతమంది ఆడవాళ్లు కూర్చోవడం అయిపోయింది. అవ్వ మాత్రం చాలాకాలం బతికింది. ఇంటికి ఎవరొచ్చినా ఇసుర్రాయి పిల్ల సంగతి చెప్పేది. జమ్మలమడుగు నుంచి మా అమ్మ వస్తే చెప్పింది. నన్ను చూసుకోవడానికి వచ్చిన పెళ్లివాళ్లకు కూడా చెప్పింది. పక్క ఊరి పిల్ల గురించి చెప్పినట్టు చెప్పేది, మూత తీసి దీపం దించి చూసేదని కూడా చెప్పేది. నేను కాఫీ గ్లాసులు పట్టుకుని వాకిట్లో నిలబడి వినేదాన్ని. నా గురించి చెప్పడానికి అవ్వ దగ్గర ఏమీ ఉండేది కాదు. అమ్మాయి బాగా చదువుకుందని పెళ్లివాళ్లే అన్నారు. అవ్వ ఊ అంది.

నేను బతికాను. పిల్లల్ని కన్నాను, వాళ్ల పిల్లల్ని చూశాను. వాళ్లలో ఎవరినైనా ఆ వంతెన మీద నిలబెడితే నేనేం చేస్తానో నన్ను అడగక్కర్లేదు, అవ్వ చేసేదే చేస్తాను. అంత ప్రేమ నాకు దొరికిందని తెలుసు, అది ఎంత పెద్దదో కూడా ఇప్పుడు తెలుసు. అయినా నిజం చెప్పాలంటే, కొట్టంలో గాడికి ఆనుకుని అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చిన ఆ ఏడుపు నాకు దొరకలేదు. బతికి ఉన్నవాళ్లకు అది దొరకదు. ఆ పిల్ల చిన్నప్పుడే పోయి దాన్ని ఎత్తుకుపోయింది.